ఉద్యోగమా, పరిశోధనా అన్న ప్రశ్నే తప్పు

పరిశోధన అంటే ఉద్యోగం రానివాళ్ళు చేసే పని. బెజవాడలో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ అభిప్రాయం ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, దీన్ని ఎవరూ అభిప్రాయంగా చూడటం లేదు, అందరికీ తెలిసిన సంగతిగా చెప్పేస్తున్నారు. "ముందు సెటిలవ్వరా, చదువెక్కడికి పోతుంది" అని మేనమామ అంటాడు. "నీ పీహెచ్‌డీ అయ్యేసరికి నీ తోటివాళ్ళు ఫ్లాటు కొని గృహప్రవేశం చేసుంటారు" అని బాబాయి లెక్క చెబుతాడు. ఆడపిల్లయితే ఇంకో మాట కలుస్తుంది: అంత చదివిన పిల్లకి అంతకు మించి చదివినవాణ్ణి ఎక్కడ వెతకాలి అని. వీటి వెనక మరో నమ్మకం ఉంది. కంపెనీలో చేరినవాడికి చదువుతో పని తీరిపోయిందని, కాలేజీలో చేరినవాడికి బయటి లోకంతో పని తీరిపోయిందని, ఇటువాడు అటు వెళ్తే కుదురులేనివాడని. ఇక పైకి అనకపోయినా అందరి మనసులోనూ ఉన్న మాట ఇంకొకటి: కంప్యూటర్ పరిశోధన కాలిఫోర్నియాలో జరుగుతుంది, మహా అయితే గచ్చిబౌలిలో జరుగుతుంది, ఆటోనగర్ గేటు దగ్గర దానికేం పని?

ఇది తప్పుడు అభిప్రాయం. తప్పు అని ఊరుకోలేను, మన పిల్లలకూ మన ఊరికీ ఇది నష్టం చేస్తోంది కూడా. ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఒక మనిషి బతుకుదారి చూడాలి.

లోకం రాజ్ రెడ్డి అని పిలిచే దబ్బాల రాజగోపాల్ రెడ్డి గారు 1937లో కాటూరులో పుట్టారు. మన ఉయ్యూరు పక్క కాటూరు కాదు, ఉమ్మడి చిత్తూరు జిల్లాది. వ్యవసాయ కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజినీరింగ్ పూర్తిచేశారు, అదీ సివిల్. అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా వెళ్ళి 1960లో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్ చేశారు. తర్వాత మూడేళ్ళు అక్కడే ఐబీఎం కంపెనీలో ఉద్యోగం. కంప్యూటర్ కొన్నవాళ్ళ పనికి ఆ యంత్రాన్ని ఎలా అన్వయించాలో చూడటం ఆ ఉద్యోగం సారాంశం. 1963లో ఉద్యోగం వదిలేసి స్టాన్‌ఫర్డ్‌లో మళ్ళీ విద్యార్థిగా చేరారు. జాన్ మెకార్తీ దగ్గర, మనిషి మాటను యంత్రం గుర్తుపట్టడం ఎలాగన్న విషయం మీద పనిచేసి 1966లో పీహెచ్‌డీ అందుకున్నారు. మూడేళ్ళు అక్కడే పాఠాలు చెప్పి, 1969లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 1994కి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి పంచుకున్నారు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళలో ఆ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే.

ఇప్పుడు ఈ బతుకును 1963 దగ్గర ఆపి, మన బంధువుల ముందు పెట్టండి. సివిల్ చదివి కంప్యూటర్ల వైపు పోయాడు, అంటే బ్రాంచి మారాడు. ఐబీఎం ఉద్యోగం చేతిలో ఉంది, వదిలేశాడు. ఇరవై ఆరేళ్ళ వయసులో మళ్ళీ పుస్తకాల సంచి తగిలించుకున్నాడు. మన తీర్పు ఏమై ఉండేదో వేరే చెప్పాలా? ఆ తీర్పు చెప్పే పెద్దలే ఈరోజు "రాజ్ రెడ్డి మనవాడు" అని సభల్లో చప్పట్లు కొడతారు. ఫలితం వచ్చాక మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. ఆ ఫలితానికి దారితీసిన నడకను గౌరవించాలి కదా, దాన్నే మన ఇళ్ళలో అడ్డుకుంటున్నాం.

"ఆయన మేధావి, అందరూ ఆయనలా కాలేరు" అన్నది వెంటనే వచ్చే జవాబు. నేనిక్కడ మాట్లాడుతున్నది ఆయన మేధస్సు గురించి కాదు, ఆయన పనిచేసిన పద్ధతి గురించి. మేధస్సు అరువు తెచ్చుకోలేం గానీ పద్ధతి నేర్చుకోవచ్చు. ఆ పద్ధతి ఏమిటో 1969 నాటి సంగతి చెబితే తెలుస్తుంది.

ఆ ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పెద్ద హోదాలో ఉన్న జాన్ పియర్స్ ఒక శాస్త్ర పత్రికకు ఉత్తరం రాశాడు. బెల్ ల్యాబ్స్ అంటే ట్రాన్సిస్టర్ పుట్టిన చోటు, ఆ రోజుల్లో పారిశ్రామిక పరిశోధనకు అంతకు మించిన పేరు లేదు. యంత్రం మనిషి మాటను గుర్తుపట్టాలంటే ఆ భాష మాట్లాడేవాడికున్నంత జ్ఞానం దానికీ ఉండాలి, అది జరిగేది కాదు, ఈ రంగంలో ఉన్నవాళ్ళు డబ్బు రాబట్టుకోవడానికే ఆశలు పెడుతున్నారు అన్నది ఆయన వాదన. నీళ్ళలోంచి పెట్రోలు తీస్తామనేవాళ్ళ సరసన వీళ్ళనీ చేర్చాడు. ఆయన మాటకున్న బరువు వల్ల బెల్ ల్యాబ్స్‌లో ఆ పని కొన్నాళ్ళు ఆగిపోయింది. సరిగ్గా అదే ఏడాది రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్‌లో అడుగుపెట్టి అదే పని మొదలుపెట్టారు.

పియర్స్ తెలివితక్కువవాడు కాదు. ఆయన చూపిన ఇబ్బంది నిజమైనదే. కానీ దాన్ని గోడగా చూసి వెనక్కి తిరిగాడు. రెడ్డి బృందం అదే ఇబ్బందిని పనిగా తీసుకుంది: భాష గురించిన జ్ఞానం కావాలా, అయితే ఆ జ్ఞానాన్నే యంత్రంలో పెడదాం అని. 1973 నాటి హియర్‌సే అనే వ్యవస్థ నోటితో చెప్పిన చదరంగం ఎత్తులను అర్థం చేసుకుంది. దాని తర్వాత వచ్చిన హియర్‌సే-2 గురించి కొంచెం ఆగి చెప్పాలి.

ఆటోనగర్ షెడ్డులో ఇంజన్ మొరాయించిన లారీ చుట్టూ నలుగురు నిలబడి ఉండటం మనం రోజూ చూస్తాం. పంపు పనివాడు శబ్దం విని డీజిల్ సరిగ్గా అందట్లేదంటాడు. ఎలక్ట్రీషియన్ వైరింగు చూసి కాదంటాడు. ఇంజన్ మేస్త్రి సైలెన్సర్ పొగ రంగు చూసి ఇంకోటి చెబుతాడు. డ్రైవరు ఘాటు ఎక్కేటప్పుడు ఏమైందో చెబుతాడు. ఒకరు అన్నది విని ఇంకొకరు తన ఊహ సవరించుకుంటారు, చివరికి ఒక కారణం తేలుతుంది. హియర్‌సే-2 పనిచేసింది అచ్చంగా ఇలాగే. ధ్వని తెలిసిన భాగం ఒకటి, మాటలు తెలిసిన భాగం ఒకటి, వాక్య నిర్మాణం తెలిసిన భాగం ఒకటి, ఆ సందర్భంలో మనిషి ఏమనే అవకాశం ఉందో తెలిసిన భాగం ఒకటి. అన్నీ తమ ఊహలను ఒకే నల్లబల్ల మీద రాస్తాయి, పక్కది రాసింది చూసి తమది దిద్దుకుంటాయి. కంప్యూటర్ శాస్త్రంలో ఈ పద్ధతికి నల్లబల్ల పద్ధతి అనే పేరు స్థిరపడింది. ఒక్కడికి అంతా తెలియనక్కర్లేదని, తలా కొంత తెలిసినవాళ్ళు ఒకరి మాట ఒకరు వింటే చాలని ఆ పని నిరూపించింది. 1976లో బ్రూస్ లోవర్ అనే విద్యార్థి కట్టిన హార్పీ వ్యవస్థ 1011 పదాలను గుర్తుపట్టింది. పియర్స్ ఉత్తరం అప్పటికి ఏడేళ్ళ పాతది.

ఇక అటూ ఇటూ మారడం సంగతి. కంపెనీ వేరు, కాలేజీ వేరు అనేవాళ్ళు ఈ రంగం చరిత్ర ఒక్కసారి చూడాలి. రెడ్డి గారి విభాగంలో చదివిన జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ దంపతులు అక్కడ మొదలుపెట్టిన గణాంక పద్ధతిని పట్టుకుని ఐబీఎం పరిశోధనశాలకు వెళ్ళారు, ఇంకో కంపెనీకి మారారు, 1982లో డ్రాగన్ సిస్టమ్స్ పేరుతో సొంత కంపెనీ పెట్టారు. మనం మాట్లాడుతుంటే టైపు చేసే సాఫ్ట్‌వేర్‌ను 1997లో మామూలు జనానికి అమ్మింది ఆ కంపెనీయే. ఐబీఎంలో అదే పని నడిపించిన ఫ్రెడరిక్ జెలినెక్ కార్నెల్‌లో ప్రొఫెసర్‌గా ఉండి 1972లో ఐబీఎంకు వెళ్ళాడు, ఇరవై ఏళ్ళ పైచిలుకు అక్కడ ఉండి 1993లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి వచ్చి మళ్ళీ పాఠాలు చెప్పాడు. కైఫు లీ 1988లో రెడ్డి గారి దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసి, కొన్నాళ్ళు అక్కడే పాఠాలు చెప్పి, యాపిల్‌కు వెళ్ళి, 1998లో బీజింగ్‌లో మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలను నిలబెట్టాడు. ఈరోజు ఫోనుతో తెలుగులో మాట్లాడి దారి అడుగుతున్నామంటే దాని వెనక ఈ రాకపోకలున్నాయి. వీళ్ళలో ఎవరైనా "నేను కంపెనీవాణ్ణి, ఇక నాకు విశ్వవిద్యాలయంతో సంబంధం లేదు" అనుకుని ఉంటే ఆ గొలుసు అక్కడే తెగేది.

కైఫు లీ విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. రెడ్డి గారు నమ్మింది నిపుణుల జ్ఞానాన్ని యంత్రంలో పొందుపరచడం. లీ వచ్చి, అలా కాదు, గణాంకాలతో చేస్తానన్నాడు. గురువుకు ఆ దారి మీద నమ్మకం లేదు. అయినా పని ఆపలేదు, కావలసిన యంత్రాలు, డబ్బు, డేటా సమకూర్చిపెట్టారు. ఈ సంగతి లీ తర్వాత తానే చెప్పుకున్నాడు. లీ కట్టిన స్ఫింక్స్ వ్యవస్థ, మాట్లాడేది ఎవరైనా సరే, సుమారు వెయ్యి పదాలను గుర్తుపట్టింది. తన పద్ధతిని కాదన్న శిష్యుడికి అండగా నిలబడటం ఎంత పెద్ద పనో మన కాలేజీల్లో గైడు దగ్గర సంతకం కోసం నిలబడ్డ ప్రతి విద్యార్థికీ తెలుసు.

డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే బాబాయి లెక్కను కొట్టిపారేయడం న్యాయం కాదు. ఇంటి మీద అప్పు ఉన్నవాడికి, చెల్లెలి పెళ్ళి చేయాల్సినవాడికి "ఉద్యోగం వదిలి పరిశోధన చెయ్యి" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ లెక్క వేసేటప్పుడు అంకెలు సరిగ్గా వేయాలి. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలో అందుకునేది నెలకు 37,000 రూపాయలు, అంటే ఏడాదికి 4,44,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. పెద్ద ఐటీ కంపెనీలు గంపగుత్తగా చేర్చుకునే కొత్తవాళ్ళ జీతం ఏళ్ళ తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. ఫెలోషిప్పు అందరికీ రాదు, పరీక్ష నెగ్గాలి, నిజమే. చెల్లింపులు ఆలస్యమవుతాయన్న ఫిర్యాదూ నిజమే, అది సర్కారు సరిదిద్దాల్సిన తప్పు. కానీ పరిశోధన అంటే పస్తులు అని పిల్లవాడికి చెప్పేటప్పుడు ఈ అంకెలు ఎవరూ వాడి ముందు పెట్టడం లేదు.

ఊరి సంగతి మిగిలింది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పిట్స్‌బర్గ్ అంటే ఉక్కు. బొగ్గు పొగ, కొలుములు, కార్మికులు. 1979లో రాజ్ రెడ్డి మొదటి డైరెక్టర్‌గా రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ అక్కడ పుట్టింది, దానికి అదే ఊరి వెస్టింగ్‌హౌస్ కంపెనీ డబ్బు పెట్టింది. ఉక్కు మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న రోజులవి. పన్నెండేళ్ళు ఆ సంస్థను ఆయనే నడిపారు. తర్వాత 1990లలో, ఆ సంస్థ తరఫున పరిశ్రమలకు రోబోలు చేసిపెట్టే కేంద్రాన్ని ఒక పాత ఫౌండ్రీ భవనం బాగుచేసి అందులో పెట్టారు. నూనె మరకలున్న ఊరికి కంప్యూటర్ పరిశోధన నప్పదని వాళ్ళెవరూ అనుకోలేదు. మనకు 1977లోనే కానూరులో సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది, ఉమ్మడి రాష్ట్రంలో మొదటి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ అది. దానికి కూతవేటు దూరంలో ఆటోనగర్. దేశం నలుమూలల నుంచి లారీలు బాడీ కట్టించుకోవడానికి వచ్చే చోటు. కంప్యూటర్ కోర్సు చదివే మన పిల్లల్లో ఎంతమంది ఆ షెడ్డుల్లోకి పనిమీద వెళ్ళారు?

వెళ్తే ఏం కనపడుతుందో చెబుతాను. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త లారీలన్నీ బీఎస్-6 రకం. పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి వీటిలో చాలావాటి సైలెన్సర్ దారిలోకి యూరియా ద్రావణం చిమ్ముతుంది. అలాంటి బండి ఒకటి డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగి, పికప్ పడిపోయి షెడ్డుకొస్తుంది. కుర్రాడు స్కానర్ తగిలిస్తాడు. పి20ఈఈ అని కోడు పడుతుంది. పొగను శుద్ధిచేసే సామర్థ్యం తగ్గిందని దాని అర్థం. అంతవరకే చెబుతుంది. ఎందుకు తగ్గిందో చెప్పదు. యూరియాలో ఎవరైనా నీళ్ళు కలిపారా, చిమ్మే నాజిల్ మూసుకుపోయిందా, సెన్సార్ పోయిందా, పైపులో ఎక్కడైనా లీకుందా? వరసగా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే యజమాని ఇల్లు గుల్లవుతుంది. యాభై దాటిన మేస్త్రి ముందు డ్రైవర్ని అడుగుతాడు, యూరియా ఎక్కడ పోయించావని. తర్వాత నాజిల్ విప్పి చూస్తాడు. దాని మొన మీద తెల్లగా గట్టిపడిన పొర ఉంటుంది. గోటితో గీకి చూపిస్తాడు. స్కానర్ చెప్పింది జబ్బు లక్షణం, మేస్త్రి పట్టుకున్నది కారణం. ఆ లక్షణానికీ ఈ కారణానికీ మధ్య ఉన్న జ్ఞానం ఏ మాన్యువల్‌లోనూ పూర్తిగా లేదు. ఆ మేస్త్రి తలలో ఉంది, తెలుగులో ఉంది.

నిపుణుడి జ్ఞానాన్ని ఓపిగ్గా అడిగి రాబట్టి యంత్రానికి ఎక్కించడం ఫైగెన్‌బామ్ తన జీవితమంతా చేసిన పని. రాజ్ రెడ్డితో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నది అందుకే. ఆ పనికి కావలసిన నిపుణులు వందల మంది ఒకే చోట దొరికే ప్రాంతం మనకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. మాట గుర్తుపట్టే పనికి కూడా అక్కడ కావలసినంత సరుకుంది. గ్రైండర్ మోత, కంప్రెసర్ హోరు, సుత్తి దెబ్బలు. ఆ చప్పుడులో "కమాన్ కట్ట దింపు", "సెల్ఫ్ కొట్టు", "హౌసింగ్‌లో చప్పుడొస్తోంది చూడు" అని తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలిసిన మాటలు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చదివించి రికార్డు చేసిన తెలుగుతో నేర్చుకున్న యంత్రం ఈ మాటల దగ్గర తడబడుతుంది. చేతులకు గ్రీజు ఉన్న మనిషికి టైపు చేయడం కన్నా మాట్లాడటమే సులువు, కాబట్టి ఇది సరదాకి ఎంచుకున్న సమస్య కూడా కాదు.

ఇక్కడ తప్పంతా తల్లిదండ్రుల మీద వేయను. ఏ కాలేజీ అని కాదు గానీ, మన చదువుల వ్యవస్థ కూడా ఇదే అభిప్రాయాన్ని వెనక నుంచి పోషిస్తోంది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టును విద్యార్థి డబ్బిచ్చి కొనుక్కొస్తాడు, అందరికీ తెలుసు, మార్కులు పడతాయి. అధ్యాపకుడికి పదోన్నతి రావాలంటే పేపర్లు లెక్కపెడతారు, ఊళ్ళో ఒక షెడ్డుకు అక్కరకొచ్చే పని చేశాడా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. 2022లో యూజీసీ "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" అని ఒక వెసులుబాటు తెచ్చింది. పదిహేనేళ్ళ అనుభవం, వృత్తిలో గట్టి పేరు ఉన్నవాళ్ళను డిగ్రీ లేకపోయినా ప్రొఫెసర్‌గా పెట్టుకోవచ్చు, మొత్తం పోస్టుల్లో 10 శాతం దాకా. ఈ నియమం చదివినప్పుడు కంపెనీ మేనేజర్లే అందరికీ గుర్తొస్తారు. డీజిల్ పంపు కేలిబ్రేషన్‌లో ముప్పై ఏళ్ళ అనుభవమున్న మనిషిని ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టకూడదో నాకు ఎవరైనా చెప్పాలి.

"అంతా బాగానే ఉంది, రాజ్ రెడ్డి మాత్రం దేశం వదిలి వెళ్ళారు కదా" అంటారు. వెళ్ళారు. 1960లలో ఆయన చేయాలనుకున్న పనికి కావలసిన యంత్రాలు ఇక్కడ లేవు. కానీ హైదరాబాదులో ట్రిపుల్ ఐటీ 1998లో మొదలైతే దాని పాలకమండలికి అధ్యక్షత వహించారు. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు దాని మొదటి ఛాన్సలర్ ఆయనే. పదో తరగతి కాగానే పల్లె పిల్లల్ని తీసుకుని ఆరేళ్ళు చదివించే ఆ సంస్థ ప్రాంగణాల్లో ఒకటి నూజివీడులో ఉంది, మనకు బస్సులో వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలో. అక్కడ చదివిన పిల్లల్లో లారీ డ్రైవర్ల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు ఉంటారు. షెడ్డు భాష వాళ్ళకు ఇంటి భాష.

పని ఎలా మొదలవ్వాలో కూడా చెబుతాను, ఎందుకంటే విమర్శించి వదిలేయడం నాకు ఇష్టం లేదు. కానూరులోనో నూజివీడులోనో చదివే నలుగురు విద్యార్థులు ఒక సెమిస్టర్ షెడ్డులో కూర్చోవాలి. కోడు ఏం పడింది, మేస్త్రి ఏం అడిగాడు, ఏం విప్పాడు, చివరికి ఏం తేలింది, అన్నీ ఆయన గొంతుతోనే, ఆయన ఒప్పుకున్నాకే రికార్డు చేయాలి. దాన్నే ప్రాజెక్టుగా లెక్కించాలి. మరుసటి ఏడాది వచ్చేవాళ్ళు దాని మీద కట్టాలి. ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళలో ఒకరిద్దరు మూడు నాలుగేళ్ళ తర్వాత తిరిగొచ్చి దాన్ని పీహెచ్‌డీగా చేయగలిగేలా కాలేజీ తలుపు తెరిచి పెట్టాలి. ఒక షరతు మాత్రం మొదటి రోజే కాగితం మీద రాసుకోవాలి: ఆ రికార్డింగుల మీద హక్కులో మేస్త్రీలకు వాటా ఉండాలి. దాన్నుంచి ఏ కంపెనీ అయినా సరుకు తయారుచేసి అమ్మితే, ఆ డబ్బులో కొంత ఆ జ్ఞానం ఎవరి తలలోంచి వచ్చిందో వాళ్ళకు చేరాలి. ఈ మాట ఇప్పుడే ఎందుకంటున్నానంటే, పెద్ద పెద్ద కంపెనీలు ఎలాగూ ఈ డేటా కోసం ఆటోనగర్‌కు వస్తాయి. అవి వచ్చేలోపు మన పిల్లలు అక్కడ ఉండాలి.